కొత్త కోడె

మా తాతగారు సంతలో కోడెను కొని తెచ్చిన నాడే దాన్ని కాడికి కట్టేవారు కాదు. నాలుగు రోజులు కొట్టంలో కట్టేసి, కసువు వేసి, గంగడోలు నిమురుతూ, "అది మనల్ని చూడనీ, మనం దాన్ని చూస్తాం" అనేవారు. ఆ తర్వాత పాత ఎద్దు పక్కన నిలిపి వుత్త కాడి మోయించడం, ఆపైన ఖాళీ బండి, ఆపైన ఎరువు బండి. ఇదంతా అయ్యేసరికి నెలో, రెండు నెలలో పట్టేది. కోడెను మరపడం అంటారు దీన్ని. తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్ల నుంచి పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి గనక ఈ మాటకు అర్థం నాకు తెలుసుననే అనుకున్నాను. అది తెలియదని బోధపడింది నిరుడు, నా నలభై ఆరో ఏట, మోటారు సైకిలు కొన్న తర్వాత.

మోటారు సైకిలంటే పుత్తూరు దాకా పోయి కూరగాయలు తెచ్చుకునే బండి కాదండీ. దూరప్రయాణాలకని ప్రత్యేకంగా చేసిన బండి. ముందు చక్రం పెద్దది, వెనకది చిన్నది, రెండు వందల కిలోలకు దగ్గర బరువు, కూర్చుంటే నా బోటి పొట్టివాడికి మునివేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి. కంపెనీ పేరు చెప్పను. చెప్పబోయే అవకతవకల్లో ఆ కంపెనీ తప్పు ఇసుమంత కూడా లేదు కాబట్టి చెప్పనవసరమూ లేదు.

ఎందుకు కొన్నావంటారా? మా అమ్మాయి చదువుకని బెంగుళూరు వెళ్లి హాస్టల్లో చేరింది. ఇల్లు బోసిపోయింది. ఒక రాత్రి మా ఆవిడ, "గండికోట, గండికోట అని ఏటా పిల్లలకు చెబుతారు. పెన్న అక్కడ కొండను ఎట్లా కోసిందో మీరు కళ్లారా చూశారా?" అని అడిగింది. చూడలేదు. లేపాక్షి నంది గురించి గంటసేపు చెప్పగలను, అదీ చూడలేదు. అహోబిలం, హంపీ, అన్నీ పుస్తకాల్లో చూసినవే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పొదుపు చేసుకున్నది లెక్క వేసి చూసుకుంటే కారుకు చాలదు. మోటారు సైకిలుకు చాలుతుంది. బండి ఇంటికి వచ్చిన రోజు మా అమ్మ వీధి అరుగు మీద నుంచి దాన్ని ఎగాదిగా చూసి, "ఏమప్పా, దీని మీదికి ఎక్కేదానికి నిచ్చెన కూడా ఇచ్చినారా?" అన్నది.

మా ఇంట్లో మోటారు సైకిళ్ల వాసన బొత్తిగా లేదనడానికి వీల్లేదు. మా మేనమామకు బుల్లెట్టు వుండేది. మాకు నూరు, నూటిరవై కిలోమీటర్ల దూరంలోనే, మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో, 1955లో దాని తయారీ మొదలైంది. మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి, మొదట అక్కడి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించారు. పోనుపోను అన్నీ ఇక్కడే చేసుకోవడం నేర్చారు. 1970 ప్రాంతానికి ఇంగ్లండులో తల్లివేరు ఎండిపోయింది. ఇక్కడ నాటిన కొమ్మ మాత్రం చెట్టయింది. మా మామ బండికి గేరు కుడి కాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద. స్టార్టు చేయడం ఒక పూజావిధానం. డీకంప్రెషర్ మీట నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా దించి, మీట వదిలి, కాలు పైకి తెచ్చి, అప్పుడు ఒక్క తన్ను. ముల్లు మధ్యకు రాకుండా తన్నితే కిక్కు ఎదురు తిరిగి పిక్క మీద కొట్టేది. మామ దగ్గర ఒక గోనెగుడ్డ సంచి, అందులో నాలుగు పానాలు, కటింగ్ ప్లేయరు, ఒక ప్లగ్గు, ఒక కేబులు వుండేవి. రోడ్డు మీద ఏది చెడినా ఆ సంచితోనే సరి. బండి లోపల ఆయనకు తెలియని రహస్యమంటూ వుండేది కాదు.

ఇప్పటి బండ్లు అట్లా కావు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాక దాదాపు అన్నిటికీ కార్బరేటరు పోయి ఇంధనాన్ని చిమ్మే యంత్రం వచ్చింది. ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్క కట్టేది ఒక చిన్న కంప్యూటరు. పొగగొట్టంలో ఆమ్లజనిని కొలిచే సాధనం ఒకటి దానికి ఎప్పటికప్పుడు కబురు చెబుతూ వుంటుంది. ఏదన్నా తేడా వస్తే ముందు అద్దాల పెట్టెలో పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో తెలియాలంటే సంచి చాలదు, లాప్‌టాప్ కావాలి.

ఇక్కడ మా వూరి మేస్త్రీని గురించి చెప్పాలి. కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుడి నుంచి రెండు వీధులు దాటితే ఆయన దుకాణం. దుకాణమంటే ఒక రేకుల పంచ, ఒక చింతమొద్దు, నూనె మరకలతో నల్లబడిన నేల. నా పాత స్కూటరును పద్దెనిమిదేళ్లు నడిపించింది నేను కాదు, ఆయన. వయసు అరవై దాటింది. నూటికి తొంభై మాటలు యంత్రాలతోనే మాట్లాడతాడు. మిగిలిన పది మనతో. ఆ పది మాటల్లోనూ మా వైపు పలుకుబడి ఎంత చిక్కగా వుంటుందంటే, ఈ సంస్థానంలో పూర్వం వేణుగోపాల ముద్రతో పదాలు కట్టిన సారంగపాణి గనక ఇప్పుడు లేచి వస్తే, మా కాలేజీకి రాకుండా నేరుగా ఆ రేకుల పంచలోకి వెళ్లి కూర్చుంటాడని నా నమ్మకం.

కొత్త బండి అమ్మినవాళ్లు తాళం చేతిలో పెడుతూ, "బయటి మెకానిక్కులు చెయ్యి పెడితే గ్యారంటీ పోతుంది సార్" అన్నారు. నేను ఆ మాటను వేదవాక్యంగా పుచ్చుకున్నాను. గాలి కొట్టించాలన్నా మేస్త్రీ దుకాణం ముందు ఆపకుండా పుత్తూరు పోయేవాణ్ణి. మొదటిరోజు ఆయన చింతమొద్దు మీద నుంచి లేచి నిలబడ్డాడు, ఆపుతానని. నేను చెయ్యి వూపి సాగిపోయాను. రెండో రోజు లేవలేదు. మూడో రోజు నుంచి నా బండి చప్పుడు వినగానే చేతిలో పని మీదికి తల వంచేసుకునేవాడు. అది నేను చూశాను. చూడనట్టు వూరుకున్నాను.

పూర్వం కొత్త కార్ల వెనక "రన్నింగ్ ఇన్" అని అట్ట కట్టేవారు, జ్ఞాపకముందా? కొత్త ఇంజనులో పిస్టను రింగులూ సిలిండరు గోడలూ ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోవాలి. ఆ ఒరిపిడిలో సన్నని లోహపు రజను రాలి నూనెలో కలుస్తుంది. అందుకే మొదటి అయిదు వందల కిలోమీటర్లు ఇంజనును అరిపించకూడదనీ, అట్లాగని ఒకే వేగంతో ఈడ్చుకుంటూ పోకూడదనీ, ఆ దూరం కాగానే నూనె మార్పించాలనీ చెబుతారు. ఈ ఒక్క నియమం మాత్రం నేను తు.చ. తప్పకుండా పాటించాను. మామిడి కాలం. తోతాపురి కాయలు వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్ల వెనక బుద్ధిమంతుడిలా పోయాను. మొదటి సర్వీసులో పాత నూనెను తెల్లటి గిన్నెలో పట్టి చూపించారు. ఎండలో మిలమిలమని మెరిసింది. యంత్రాన్ని అంత ఓపికగా కుదురుకోనిచ్చినవాణ్ణి, నన్ను నేను మాత్రం దానికి కుదురుకోనివ్వలేదు. బండిని నాకు తగినట్టు మార్చేయాలని పూనుకున్నాను. అసలు గొడవ అక్కడ మొదలైంది.

మొదట సీటు. కాళ్లు ఆనడం లేదని సీటు లోపలి దూదిని రెండు అంగుళాలు కోయించాను. కాళ్లు ఆనాయి. కానీ మిగిలిన దూది పలక మాదిరి అయి, ముప్పై కిలోమీటర్లు పోయేసరికి నడుం కింద నిప్పులు పోసినట్టుండేది. నేను ముందుకు కుంగిపోవడంతో వెనక కూర్చున్న మా ఆవిడ ప్రతి బ్రేకుకూ నా మీదికి జారి వచ్చేది. తర్వాత మద్రాసులో ఒక దుకాణానికి పోయాను. అటువంటి దుకాణంలోకి నా బోటివాడు వెళ్లడం చిన్నపిల్లవాడు తిరునాళ్లలోకి వెళ్లినట్టే. హ్యాండిలును ఎత్తూ, కాస్త వెనక్కూ జరిపే దిమ్మెలు; వెనక పెద్ద పెట్టె; ముందు రెండు అదనపు దీపాలు; సెల్‌ఫోనుకు కరెంటు అందించే సాకెట్టు. మూడు గంటల్లో ఇద్దరు కుర్రాళ్లు అన్నీ బిగించేశారు. వైర్లన్నిటినీ కలిపి నల్లటి ప్లాస్టిక్ పట్టీలతో కట్టి, "నీట్‌గా వుంది కదా సార్" అన్నారు. నీట్‌గానే వుంది.

సైలెన్సరు కూడా మార్చమన్నారు; మార్చలేదు. అది నా వివేకం కాదు, భయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టంలో ఒక్కొక్క మార్పుకూ అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా ఖైదు కూడా వుంది. మా కాలేజీ పిల్లలు తమ బండ్ల సైలెన్సర్లు పీకేసి వూరంతా తుపాకులు పేల్చుకుంటూ పోతుంటే కేకలేసేవాణ్ణి, నేనే ఆ పని ఎట్లా చేస్తాను?

మొదటి దెబ్బ దీపాలతో తగిలింది. ఆ సాకెట్టునూ దీపాలనూ తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపారు. బండి ఆపి తాళం తీసుకుపోయినా అవి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే వుంటాయి. నాలుగు రోజులు సెలవులు వచ్చాయి. అయిదో రోజు సాయంత్రం కాలేజీ విడిచిపెట్టే వేళకు మీట నొక్కితే "టిక్" మన్నది, అంతే. ఇప్పటి బండ్లకు కిక్కు కూడా లేదాయె. ఇంటర్ పిల్లలు పరమానందంతో పది మంది చేరి, ఆట స్థలం ఈ కొస నుంచి ఆ కొసకు తోశారు. రెండో గేరులో వేసి క్లచ్చి వదిలితే బండి ఎగిరిందే గాని అంటుకోలేదు. మా మామ బండి కాలంలో ఈ చిట్కా ఎప్పుడూ పారేది. ఇందులో పెట్రోలును టాంకులో నుంచి తోసేది కరెంటు పంపు; కంప్యూటరుకూ కరెంటే కావాలి. బ్యాటరీ బొత్తిగా పడుకుంటే ఇక ఎంత తోసినా పిల్లలకు వ్యాయామమే. నిండుగా వున్న బ్యాటరీ పన్నెండున్నర వోల్టులు దాటి చూపించాలి. నాది పదకొండు కూడా చూపించలేదు. ఆ రాత్రి బ్యాటరీ విప్పి చంకన పెట్టుకుని ఇంటికి నడిచాను. దారి మేస్త్రీ దుకాణం ముందు నుంచే. చుట్టు తిరిగి పోయాను.

ఆ వెనక పెట్టె సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బరువు వెనక ఇరుసు దాటి బయటికి వేలాడితే ముందు చక్రం తేలికవుతుంది. ఎనభై దాటగానే హ్యాండిలు నా చేతుల్లో సన్నగా వణకసాగింది. రోడ్డు బాగాలేదనుకున్నాను.

ఇన్ని లక్షణాలు కనిపిస్తుండగా హార్స్‌లీ కొండకు బయలుదేరాం. గండికోటకు ముందు ఒక చిన్న ప్రయాణం చేసి చూద్దామని. మదనపల్లె దాటాక వచ్చే ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఎండకు తాళలేక 1870 ప్రాంతంలో అక్కడ ఇల్లు కట్టుకున్న తర్వాత ఆ పేరు వెనకబడింది. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల పైన. పొద్దున్నే కొండ ఎక్కుతున్నాం. నీలగిరి చెట్ల వాసన. మా ఆవిడ వెనక నుంచి ఏదో పాట తీస్తున్నది. పెళ్లయిన కొత్తలో విన్న గొంతు అది.

ఎడమకు తిరిగే ఒక ఇరుకు మలుపు. పై నుంచి బస్సు దిగుతుంటే దారి ఇచ్చి, మొదటి గేరులో, మనిషి నడిచేంత వేగంతో, హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిప్పి ఎక్కించబోయాను. ఇంజను గుర్రుమన్నది గాని చక్రానికి బలం అందలేదు. ఎవరో నా చేతి మీద చెయ్యి వేసి క్లచ్చి సగం నొక్కినట్టయింది. బండి ముందుకు పోదు, నిలబడదు. కాలు ఆనించబోతే అక్కడ రోడ్డు పల్లం, కాలికి నేల అందలేదు. మెల్లగా, చెట్టు కొమ్మ వంగినట్టు, లోపలి వైపుకు పడిపోయాం. తలలకు హెల్మెట్లు వున్నాయి. బస్సువాళ్లు దిగి బండిని లేపారు. నాకు మోకాలు గీసుకుపోయింది. మా ఆవిడ లేచి, చీర దులుపుకుని, "నాకేం కాలేదండీ" అంటూనే కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నది. ఆ పట్టుకున్న తీరు చూడగానే నాకు కడుపులో దేవింది.

మదనపల్లెలో ఎక్స్‌రే తీశారు. ఎముక జరగలేదు, సన్నగా చిట్లింది. పుత్తూరు మనుషులం గనక ఆ ఫిల్ము పట్టుకుని మర్నాడు రాచపాళెం పోయాం. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. తరతరాలుగా అక్కడి రాజుల కుటుంబాలు ఎముకలు కట్టడమే విద్యగా పెట్టుకున్నాయి. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలు. కట్టే ఆయన మా ఆవిడ చేతిని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మణికట్టు మీద మెల్లగా తడిమి, "ఇక్కడ" అన్నాడు. ఫిల్ములో గీత సరిగ్గా అక్కడే వుంది. మా పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లలో సగానికి సగం మంది మోటారు సైకిళ్ల మీద నుంచి పడినవాళ్లే. మా ఆవిడ వాళ్లందరినీ చూసి, నా వైపు తిరిగి, "బండికి రన్నింగ్ ఇన్ అయింది. నాకు ఇప్పుడు మొదలయింది" అన్నది. నవ్వుతూనే అన్నది. నేను నవ్వలేకపోయాను.

బండిని అమ్మేద్దామని నిశ్చయించుకున్నాను. రెండు రోజులు దాని మీది గుడ్డ కూడా తీయలేదు. మూడో రోజు సాయంత్రం మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ చేతిని పరామర్శించడానికి, అరడజను గుడ్లు పట్టుకుని. పద్దెనిమిదేళ్లలో మా గడప ఎక్కడం అదే మొదలు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "యెట్ల పడితిరి సార్?" అన్నాడు. చెప్పాను. మలుపు ఎటు, హ్యాండిలు ఎంత తిరిగింది, ఇంజను చప్పుడు పెరిగిందా తగ్గిందా, అన్నీ డాక్టరు మాదిరి అడిగాడు. తర్వాత, "రవ్వంత సూడొచ్చా? గ్యారంటీ పోతాదేమో" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు వున్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం చెంప మీద తగిలినట్టే వుంది.

గుడ్డ తీశాం. ఆయన ఏ పానా తీయలేదు. జేబులో నుంచి ఒక రూపాయి బిళ్ల తీశాడు. క్లచ్చి మీట మొదట్లో, మీటకూ దాని పట్టుకూ మధ్య వుండే సందులో ఆ బిళ్లను దూర్చాడు. దూరింది. "ఇంతే వుండాల, బిళ్ల మందం. సరిగానే వుంది" అన్నాడు. తర్వాత హ్యాండిలును పూర్తిగా ఎడమకు తిప్పి, "ఇప్పుడు మీరు పెట్టండి" అని బిళ్ల నా చేతికిచ్చాడు. దూర్చబోయాను. దూరలేదు. సందే లేదు.

దీపం తెమ్మన్నాడు. హ్యాండిలు కిందికి తల వంచి చూస్తే కనిపించింది. దిమ్మెల వల్ల హ్యాండిలు పైకి పోయింది, క్లచ్చి కేబులు మాత్రం పాత పొడుగే. అది చాలదన్నట్టు, ఆ దుకాణం కుర్రాళ్లు దీపాల వైర్లతో కలిపి క్లచ్చి కేబులును కూడా బండి మెడకు ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేశారు. హ్యాండిలు నేరుగా వున్నంతసేపూ ఏమీ తెలియదు. ఎడమకు తిప్పితే కేబులు బిగుసుకుని, ఎవరూ నొక్కకుండానే క్లచ్చిని కాస్త తెరుస్తుంది. లోపల పలకలు జారుతాయి. చదును నేల మీద, ఒక్కడే వున్నప్పుడు ఆ జారుడు లెక్కకు రాదు. కొండ ఎక్కుతూ, ఇద్దరు మనుషులూ ఒక పెట్టే వున్నప్పుడు వస్తుంది.

"మెడ తిప్పేదానికి వదులు వుండాల సార్. మనిషికైనా, ఎద్దుకైనా" అన్నాడు మేస్త్రీ. బ్లేడుతో పట్టీ కోశాడు. టిక్‌మని చిన్న చప్పుడు. మా ఆవిడ మణికట్టు విరిచింది ఆ నాలుగణాల ప్లాస్టిక్ ముక్క. కాదు, బిగించిన తర్వాత హ్యాండిలును ఆ కొసకూ ఈ కొసకూ ఒక్కసారైనా తిప్పి చూడని నేను.

అమెరికాలో రాబర్ట్ పర్సిగ్ అని ఒకాయన వుండేవాడు. 1968లో కొడుకును వెనక ఎక్కించుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా మోటారు సైకిలు మీద పోయి, ఆ ప్రయాణం మీద 1974లో ఒక పుస్తకం వేశాడు. నూటిరవై ఒక్క మంది ప్రకాశకులు వద్దన్న తర్వాత అచ్చయి, లక్షల ప్రతులు పోయింది. అందులోనూ ఒక వదులైన హ్యాండిలు కథ వుంది. స్నేహితుడి ఖరీదైన జర్మను బండికి హ్యాండిలు జారుతుంటే, ఖాళీ బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడదామంటాడు ఈయన. అంత గొప్ప బండికి బీరు డబ్బా ముక్కా అని స్నేహితుడు ముఖం ముడుచుకుంటాడు. ఇరవై ఏళ్ల కింద ఆ పుస్తకం చదివినప్పుడు నేను పర్సిగ్ పక్షమనుకున్నాను. కాదు, ఆ స్నేహితుడినే. మా మేస్త్రీ రూపాయి బిళ్లను నా బండికి తగలనివ్వకుండా నాలుగు నెలలు తిరిగాను కదా.

బండిని అమ్మలేదు. అమ్మవద్దన్నది మా ఆవిడే. "చెయ్యి అతుక్కునేలోపల దాన్ని కూడా సరిచేయించండి" అన్నది.

మరుసటి ఆదివారం నుంచి బిగించినవన్నీ విప్పడం మొదలుపెట్టాం. దిమ్మెలు పోయాయి. పెద్ద పెట్టె పోయి, రెండు వైపులా కిందికి దిగే గుడ్డ సంచులు వచ్చాయి. హ్యాండిలు వణుకు ఆనాటితో ఆగింది. దీపాలు తీసేశాం. సాకెట్టును వుంచి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేట్టు, మధ్యలో ఒక ఫ్యూజు పెట్టి కలిపాడు మేస్త్రీ. కోసిన సీటును పుత్తూరులో సోఫాలు కుట్టే ఆయనకు ఇచ్చి, కొత్త దూది పెట్టించి, వెనక భాగంలో కొంచెం వెడల్పు చేయించాను. ఆ వెడల్పు కొలత మా ఆవిడ చెప్పింది. కాళ్లు ఆనడం లేదనే బాధకు మందు సీటులో లేదట, నాలో వుందట: ఆపేముందు ఒక పక్కకు జరిగి ఒక కాలే పూర్తిగా ఆనించడం. మేస్త్రీ మనవడు, పదిహేనేళ్లవాడు, బండి కదలకుండా స్టాండు మీద నిలిపి నాకు నేర్పాడు. పిల్లవాడి దగ్గర లెక్చరరు పాఠం.

బండితో ఇచ్చిన పుస్తకాన్ని అప్పుడు మొదటి పుట నుంచి చదివాను. అందులో ఏముందంటారూ! నేను డబ్బు పోసి చేయించుకున్న మార్పుల్లో సగం దానితో వచ్చిన పానాలతోనే, పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. బ్రేకు మీట, క్లచ్చి మీట వాలును వేళ్లకు సరిపడా తిప్పుకోవచ్చు. నా మణికట్ల నొప్పి దానితోనే పోయింది. వెనక స్ప్రింగు బిగువును కొక్కెం పానాతో మార్చుకోవచ్చు, ఒక్కడికి వదులు, ఇద్దరికీ సామానుకూ బిగువు. మేస్త్రీ నన్ను బండి మీద కూర్చోబెట్టి, టేపుతో వెనక ఎంత కుంగుతుందో కొలిచి, తర్వాత కట్టు కట్టిన చేతితోనే మా ఆవిడను వెనక కూర్చోబెట్టి మళ్లీ కొలిచాడు. ఆమె ఎక్కుతుందో లేదోనని నేను గుండె బిగపట్టుకున్నాను. చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని ఎక్కింది. చక్రాల గాలి కూడా అంతే: ఒక్కడినైతే వెనక ముప్పై రెండు, ఇద్దరమైతే ముప్పై ఆరు. దుకాణాల్లో ఎవరికి వారు కొట్టేది నలభై.

చైను సంగతి నా చేతుల్లోకి తీసుకున్నాను. దాని లింకుల మధ్య సన్నటి రబ్బరు వలయాలుంటాయి, లోపలి గ్రీజును పట్టి వుంచేవి అవే. పెట్రోలుతో కడిగితే పాడవుతాయి. కిరసనాయిలుతో మెత్తటి బ్రష్షు పట్టి తుడవాలి, ఆరిన తర్వాత నూనె వెయ్యాలి. మా తాతగారి బండి కింద కందెన గొట్టం వేలాడుతుండేది. ఆముదంలో కాల్చిన వరిగడ్డి మసి కలిపిన కందెన. మూడు నాలుగు ఆమడలకొకసారి బండి ఆపి ఇరుసుకు రాసేవారు. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులో వుంది. వెనక చక్రం గాలిలో తిప్పుకుంటూ చైను మీద చుక్క చుక్కగా నూనె వేస్తుంటే, అరుగు మీద నుంచి మా అమ్మ, "మీ తాత కూడా ఇట్లే కూర్చునేవాడు" అన్నది. నిచ్చెన మాట మళ్లీ ఎత్తలేదు.

మేస్త్రీకీ కంపెనీకీ మధ్య ఒక సరిహద్దు గీసుకున్నాం. ఇంజను, కంప్యూటరు, పసుపుపచ్చ దీపం కంపెనీవారివి. కేబుళ్లు, చైను, చక్రాలు, బోల్టులు మేస్త్రీవి. ఆ సరిహద్దు ఆయనే గీశాడు. "ఆ డబ్బా లోపల ఏముండాదో నాకు తెలీదు సార్. తెలీని తావ చెయ్యి పెట్టకూడదు" అన్నాడు. నా జన్మలో ఏ విద్వాంసుడి నోటా ఆ మాట ఇంత తేలికగా రావడం వినలేదు. మనవడు మాత్రం పుత్తూరులో ఒక చోట ఆ లాప్‌టాప్ పని నేర్చుకోవడానికి సాయంత్రాలు పోతున్నాడు.

ఆరో వారంలో కట్టు విప్పారు. పిడికిలి బిగించి తెరిచి చూపించమంటే చూపించింది. ఆ సాయంత్రం బండిని మేస్త్రీ దుకాణం ముందు ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టి, "ఒకసారి నడిపి రా మేస్త్రీ" అన్నాను. ఇన్నాళ్లూ దాన్ని విప్పి బిగించాడే గాని ఎక్కలేదు. చేతులు పంచెకు తుడుచుకుని, కాసేపు అటూ ఇటూ చూసి ఎక్కాడు. స్కంద పుష్కరిణి వైపు పోయాడు. చప్పుడు మెట్ల దాకా వినిపించి ఆగింది. చాలాసేపు రాలేదు. నేనూ మా ఆవిడా చింతమొద్దు మీద కూర్చున్నాం. గండికోటకు శుక్రవారం రాత్రి బయలుదేరాలా, శనివారం తెల్లవారుజామునా అని వాదించుకున్నాం. తెల్లవారుజామునే నయమన్నది తను.

చీకటి పడుతుండగా తిరిగి వచ్చాడు. స్టాండు వేసి దిగి, తాళం నాకివ్వకుండా తన జేబులో వేసుకున్నాడు.

"ఎట్లా వుంది?" అన్నాను.

"కుడి అద్దం వదులుగా వుండాది సార్," అని లోపలికి పోయి పానా తెచ్చుకున్నాడు.